మా బండి ఫోర్కు నూనె

మా బడిలో పంతుళ్లం ఇద్దరం. బండి మాత్రం ఒక్కటే. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ రకం. మట్టిదారికి, రాళ్లదారికి పనికొస్తుందని చెరి సగం వేసుకుని పాతది కొన్నాం. ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదు కాబట్టి ఉన్నదాన్నే కాపాడుకోవాలి. పాడేరు ఏజెన్సీలో తారురోడ్డు దిగాక మా గూడేనికి రాళ్లదారే, మధ్యలో ఒక గెడ్డ. బడి పుస్తకాలు, గుడ్ల అట్టలు, ఒక్కోసారి జ్వరం వచ్చిన మనిషి, అన్నీ ఆ బండి మీదే. బండి లేకపోతే డోలీ కట్టాల్సిందే.

ఒక ఏడాది వానలు వెళ్లాక ముందు ఫోర్కు మెత్తబడిపోయింది. బ్రేకు పడితే బండి ముందుకు కుంగిపోయేది. సీళ్ల దగ్గర నూనె కారుతోంది. సంతకు వెళ్లినప్పుడు సీళ్లు మార్పించాం. నూనె మాత్రం మేమే ఎంచాం. మెత్తబడినదానికి చిక్కటిది పోస్తే గట్టిపడుతుందని మా లెక్క. డబ్బాల మీద 5, 10, 15, 20 అని అంకెలుంటే అన్నిటికన్నా పెద్దది, 20 తీసుకున్నాం.

తారురోడ్డు మీద బాగానే ఉంది. చలికాలం ఒక తెల్లవారుజామున మా మూడో తరగతి పాపకు జ్వరం ముదిరితే, ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరాం. రాయి రాయికీ దెబ్బ నేరుగా చేతులకు తగిలింది. ప్రతి దెబ్బకూ పాప మూలిగింది. గెడ్డలోకి దిగే చోట ముందు చక్రం ఎగిరి పక్కకు జరిగింది. కాళ్లు ఆనించి ఎలాగో నిలబెట్టాం. పాపకు రెండు రోజుల్లో నయమైంది. దారిలో పడ్డ బాధ మాత్రం మా ఎంపిక వల్లే.

మా దగ్గర చదువుకుని మెకానిక్ అయిన కుర్రాడికి బండి చూపించాం. "మాస్టారూ, బరువు మోసేది స్ప్రింగు. నూనె మోయదు. స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచడమే దాని పని" అన్నాడు. ఫోర్కు కదిలినప్పుడు నూనె సన్నటి రంధ్రాల గుండా వెళ్లాలి. మరీ చిక్కగా ఉంటే తొందరగా వెళ్లలేదు. ఒక రాయికి దిగిన ఫోర్కు పైకి లేచేలోపే రెండో రాయి వచ్చేస్తుంది. చలికి నూనె ఇంకా చిక్కబడుతుంది. ఆ రోజు జరిగింది అదే. మొదట ఫోర్కు మెత్తబడడానికి కారణం కూడా నూనె పాతబడి పలచనవడం, కారి తగ్గిపోవడం. సరైన నూనె సరైన మట్టానికి పోసి ఉంటే చాలేది.

అతని దగ్గర మేము నేర్చుకున్నవి ఇవి. ముందు బండి పుస్తకం చెప్పిన అంకెతోనే మొదలుపెట్టాలి. ఒక కంపెనీ 10, ఇంకో కంపెనీ 10 ఒకే చిక్కదనంలో ఉండవు. 40 డిగ్రీల వేడి దగ్గర ఎన్ని సెంటీస్టోక్స్ అని కంపెనీ ఇచ్చిన లెక్కను పోల్చుకోవాలి. మార్చాలనుకుంటే కొద్దికొద్దిగా మార్చి, మన దారి మీదే నడిపి చూడాలి. బ్రేకు నూనె ఫోర్కులో ఎప్పుడూ పోయకూడదు. పాత నూనె కొంత లోపలే మిగిలిపోతుంది కాబట్టి కొలగిన్నెను మాత్రమే నమ్మకూడదు. స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, గొట్టం అంచు నుంచి నూనె ఎంత లోతున ఉందో కొలవాలి. రెండు కాళ్లలోనూ అది సమానంగా ఉండాలి. మేము బడి స్కేలుతోనే కొలిచాం. పైమూత విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోవాలి, స్ప్రింగు ఎగిరి తగులుతుంది.

పుస్తకం చెప్పిన నూనె పోశాక బండి మళ్లీ దారికొచ్చింది. రాళ్లు రాళ్లలాగే ఉన్నాయి కానీ దెబ్బ చేతులదాకా రావడం లేదు.

తర్వాత దీన్నే పాఠం చేశాం. సూదుల్లేని రెండు సిరంజీలు తెచ్చి, ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో కొండ తేనె నింపి నొక్కమన్నాం. నీళ్లు చివాలున వచ్చాయి. తేనెకు పిల్లల బొటనవేళ్లు ఎర్రబడ్డాయి. తేనె సిరంజీని ఎండలో పెట్టి మళ్లీ నొక్కితే తేలికైంది. "అయితే చలిలో మన బండి కూడా ఇంతేనా?" అని అడిగింది ఆ పాపే. అవునన్నాం. ఆ జవాబు మాకు ఆ తెల్లవారుజామున తెలిసి ఉండాల్సింది.

టీటీసీలో చిక్కదనం గురించి మేమూ చదివాం, పరీక్ష రాశాం. బండి దగ్గరికి వచ్చేసరికి గుర్తురాలేదు. మా దగ్గర చదివినవాడు గుర్తు చేశాడు. బండ్లు నడిపే మన కుర్రాళ్లారా, పెద్ద అంకె చూసి మోసపోకండి. తోటి పంతుళ్లారా, మెకానిక్కులైన మన పిల్లల్ని ఒక పూట బడికి పిలవండి. తీసిన పాత నూనెను మాత్రం గెడ్డలో పారబోయకండి. మేము డబ్బాలో పోసి మెకానిక్ షాపుకే తిరిగి ఇచ్చేస్తున్నాం. కింద ఉన్న గూడెం తాగేది ఆ నీళ్లే.