బావ ఇచ్చిన పుస్తకం

పడవ ఇంజను గురించి రాసిన చిన్న పుస్తకం ఒకటి ఏడాదిపాటు మా ఇంటి అలమరాలో పడి ఉంది. మా అక్క మొగుడు తెచ్చి ఇచ్చాడు. "అయివారూ, అంతా ఇంగిలీసులో ఉండాది. నువ్వు సదివి నాకు అర్థమయ్యేటట్ల సెప్పు" అన్నాడు. సరే బావా అన్నాను. పరీక్ష పేపర్ల కింద పెట్టి మరిచిపోయాను. ఆ మరుపు గురించే ఈ నాలుగు మాటలు.

మేము రాజంపేట దగ్గరి యానాదులం. చేపలు పట్టడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ మా చెయ్యేట్లో ఏడాదిలో ఎక్కువ నెలలు కనపడేది ఇసుకే. అలాంటి ఏరు 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెంచుకుని పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ల మీద పడింది. ఆ రోజుల్లో సహాయానికి వచ్చినవాళ్ల రబ్బరు పడవలనూ, వాటి వెనక తగిలించిన ఇంజన్లనూ బావ కళ్లార్పకుండా చూశాడు. "మనకూ అట్లాంటిది ఒకటుంటే" అనేది అప్పటినుంచి ఆయన నోటి మాటయింది.

చెయ్యేరు పోయి పెన్నలో కలుస్తుంది. పెన్నను నెల్లూరు జిల్లాలో సోమశిల దగ్గర ఆపారు. 78 టీఎంసీల ఆ జలాశయం నిండితే వెనక నీళ్లు కడప వైపు ఊళ్లదాకా వస్తాయి. బావ చేపలవేట అక్కడే. అప్పు చేసి, సముద్రం వైపునుంచి వాడేసిన ఇంజను ఒకటి కొన్నాడు. దాంతోపాటు వచ్చిందే ఆ పుస్తకం.

ఒక సెలవురోజు నేనూ, మా మేనల్లుడూ ఆయనతో పడవెక్కాం. సాయంత్రం తిరిగొస్తుంటే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. నిదానంగా పోతే నడుస్తుంది, వేగం పెంచితే ఆగిపోతుంది. కాసేపటికి అదీ లేదు. గాలి లేచింది, చీకటి పడుతోంది. పదేళ్ల పిల్లవాడు నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. బావా నేనూ మార్చి మార్చి తెడ్డు వేసి గట్టు చేరేసరికి రాత్రయింది.

"ఫిల్టరు ఏమైనా పట్టేసిందేమో బావా" అన్నాను.

"అదెప్పుడో తీసి పారేస్తి గదా. మాటిమాటికీ మూసుకుంటాంటే పైపు నేరుగా తగిలించినా" అన్నాడు.

ఇంటికొచ్చి అలమరాలోంచి పుస్తకం తీశాను. ఫిల్టరు లేకుండా ఇంజను నడపకూడదని అందులో ఉంది. నేను చదవడానికి పావుగంట కూడా పట్టలేదు. ఆ పావుగంట ఏడాది ముందే ఇచ్చి ఉంటే పిల్లవాడు అంత భయపడేవాడు కాదు.

మరుసటి రోజు మెకానిక్కు కార్బురేటరు విప్పితే, పెట్రోలు పోయే సన్నని బెజ్జంలో తుప్పు ఇరుక్కుని ఉంది. ట్యాంకు అడుగున నీళ్లున్నాయి. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. 2022లో 10 శాతం, 2025కల్లా 20 శాతం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలునుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. నీళ్లు తగ్గిన నెలల్లో పెట్రోలు ట్యాంకులోనే నిలవుంచితే జరిగేది ఇదే.

బావకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తే ఏట్లో చెలమ గుర్తొచ్చింది. "మనం ఇసుకలో చెలమ తీస్తే తేటనీళ్లు ఎందుకు ఊరతాయి బావా?" అన్నాను. "ఇసుక మురికిని పట్టి పెడతాది గాబట్టి" అన్నాడు. "ఫిల్టరు చేసే పనీ అదే. మూసుకుందంటే అది చెడిపోయినట్టు కాదు. తన పని చేసినట్టు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఈ మాట అప్పుడే సెప్పింటే పారేసేవాణ్ణి కాదు గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత పుస్తకంలోని సంగతి ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. బయలుదేరే ముందు ఫిల్టరు గిన్నె చూడాలి. అడుగున నీళ్లు కనపడితే తీసేయాలి. విప్పేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలి, దగ్గర బీడీ, నిప్పు ఉండకూడదు. జల్లెడను శుభ్రమైన పెట్రోలుతో కడగాలి. చిరిగితే కొత్తది వేయాలి. బాణం గుర్తుంటే అది ఇంజను వైపే ఉండాలి. బిగించాక పైపు మధ్యలో ఉన్న రబ్బరు బుడ్డి పిసికి, ఎక్కడైనా కారుతోందా చూడాలి. నడుస్తుండగా ఆ బుడ్డి చప్పిడిపోతే ట్యాంకు వైపు అడ్డుంది. ముందు మూత మీది గాలిమర తెరిచారో లేదో చూడాలి. కడిగిన పెట్రోలు నీళ్లలో పొయ్యకూడదు, అవి మన చేపలుండే నీళ్లు.

బడిలో ఐదో తరగతి పిల్లలకు గాజు సీసాలో వంటనూనె, నీళ్లు పోసి ఊపి చూపించాను. నీళ్లు అడుగుకు దిగాయి. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని మా యానాది పిల్ల ఒకతె లేచి, "అందుకేనా సార్, మా నాయన కిరసనాయిలు డబ్బాలో అడుగుది పారబోసేది?" అంది. ఆ పిల్ల అన్నేళ్లుగా ఇంట్లో చూస్తున్న పాఠం అది. నేనే అడగలేదు.

తోటి ఉపాధ్యాయులారా, చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఇళ్లల్లో మందుల చీటీలు, అప్పు కాగితాలు, మోటారు పుస్తకాలు మనకోసం ఎదురుచూస్తున్నాయి. మనవాళ్లు ఒక్కసారే అడుగుతారు. రెండోసారి అడగడానికి మొహమాటపడతారు. మా బావ కూడా రెండోసారి అడగలేదు.

ఇప్పుడు పడవలోని రేకుపెట్టెలో నేను రాసిన కాగితం ఉంది. ఫిల్టరు కడిగిన ప్రతిసారీ పెట్టె మూత మీద మేకుతో ఒక గీత గీస్తాడు బావ. పోయినసారి లెక్కపెడితే పదకొండు ఉన్నాయి.