రైలు పట్టాల పక్కన దయ్యం, రిజిస్టర్లో దయ్యం

దయ్యం కథలు మనకు కొత్త కాదు. పొద్దుగూకినాక వంక దాటొద్దు, చింతచెట్టు కింద పండుకోవద్దు అని చెప్పని జేజి మన తండాల్లో, కాలనీల్లో ఉండదు. ఇప్పుడు మేము చెప్పబోయేది మాత్రం ఇంగ్లీషోళ్ల దయ్యం గురించి. మేమంటే రాజంపేటలో హాస్టల్లో ఉండి చదువుకున్న ముగ్గురం. ఒకరు ఎరుకల, ఒకరు సుగాలీ, ఒకరు యానాది. టెన్త్, ఇంటర్ చదివే మీ వయసు వాళ్ల కోసమే ఇది రాస్తున్నాం.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా ఇంగ్లండును ఏలింది. ఆమె కాలంలో అక్కడ దయ్యం కథలంటే పిచ్చి. చలికాలం, పొడుగు రాత్రులు, పొగమంచు, దీపం వెలుతురు. క్రిస్మస్ వచ్చిందంటే పత్రికల్లో దయ్యం కథ ఉండాల్సిందే. చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కెరోల్' 1843లో వచ్చింది. అందులో పిసినారి ముసలాయన దగ్గరికి, ఎప్పుడో చచ్చిపోయిన వ్యాపార భాగస్తుడు గొలుసులు ఈడ్చుకుంటా వస్తాడు. మమ్మల్ని బాగా పట్టుకున్నది మాత్రం డికెన్స్ 1866లో రాసిన 'ది సిగ్నల్ మ్యాన్'. ఎందుకంటే అది రైలు కథ. రైలు కూత వినకుండా రాజంపేటలో నిద్రపోయినోళ్లం కాదు మేము.

కథ చిన్నదే. కొండను తొలిచి వేసిన పట్టాలు. రెండు పక్కలా తడిసిన రాతి గోడలు, ఎదురుగా సొరంగం నోరు, దాని దగ్గర ఎర్ర లైటు. అక్కడ ఒక సిగ్నల్ మనిషి ఒంటరిగా డ్యూటీ చేస్తుంటాడు. ఆ ఎర్ర లైటు దగ్గర ఆయనకు ఒక ఆకారం కనపడతాది. ఒక చెయ్యి మొగానికి అడ్డం పెట్టుకుని, ఇంకో చెయ్యి గబగబా ఊపుతాది, తప్పుకో తప్పుకో అన్నట్టు. అది కనపడిన కొన్ని గంటల్లోనే పెద్ద రైలు ప్రమాదం. కొన్ని నెలలకు మళ్లీ కనపడితే, ఆ రోజే రైల్లో ఒక అమ్మాయి చచ్చిపోతాది. మూడోసారి కనపడినప్పుడు ఆయన అల్లాడిపోతాడు. ఏదో జరగబోతోంది, ఏందో తెలీదు. ఎవరికి తంతి కొట్టాల, ఏమని కొట్టాల? చివరికి ఇంజను కింద పడి పోయేది ఆయనే. తప్పుకోమని ఇంజను డ్రైవరు చెయ్యి ఊపింది కూడా అచ్చం ఆ ఆకారం ఊపినట్టే.

ఆ కథ రాసే ముందు సంవత్సరం డికెన్స్ నిజంగానే చావు అంచు దాకా పోయొచ్చాడు. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ అనే ఊరి దగ్గర వంతెన మీద ఆయన ఎక్కిన రైలు పడిపోయింది. పది మంది పోయారు. దెబ్బలు తగిలినోళ్లకు ఆయన నీళ్లు తాపించి సాయం చేశాడు. తర్వాత రైలెక్కితే ఒళ్లు వణికేదంట. సరిగ్గా ఐదేళ్లకు, 1870 జూన్ 9నే, ఆయనా చనిపోయాడు.

ఇంత దూరం కథ మన ఊరికి ఎట్లా వచ్చిందంటారా? మద్రాసు నుంచి బొంబాయికి పోయే లైను మన రాజంపేట, నందలూరు, కడప మీదుగానే పోతాది. నందలూరులో ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల లోకో షెడ్డు ఉండేది. ఇదే లైన్లో ముద్దనూరు దాటినాక మంగపట్నం ఉంది. విక్టోరియా పోయిన మరుసటేడు, 1902 సెప్టెంబరులో, వానలకు అక్కడ నీళ్లు పొంగి వంతెన కొట్టుకుపోయింది. రాత్రిపూట మెయిలు బండి వచ్చి అందులో పడింది. 70 మందికి పైగా పోయారు. అక్కడ చెయ్యి ఊపి ఆపేవాళ్లు ఎవరూ లేకపోయారు.

ఇదంతా మాలో ఎరుకల ఇంటి జేజికి చెప్పినాం. ఆమె వక్కాకు నములుతా అంతా వినింది. తర్వాత ఒకటే అడిగింది. "రైలు మనుషుల్ని తొక్కితేనే దయ్యమా నాయనా? మనోళ్ల బతుకును తొక్కింది గదరా, దాన్నేమంటారు మీ పుస్తకంలో?"

ఆమె మాటకు అర్థం వెతుక్కుంటా పోతే చరిత్ర దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలోళ్లు గాడిదల మీద, సుగాలీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. సముద్రం ఒడ్డు ఉప్పు లోపలి ఊర్ల పొయ్యి దగ్గరికి చేరింది వాళ్ల కాళ్లతోనే. రైలు వచ్చినాక ఉప్పు గూడ్సు బండి ఎక్కింది. మోసే సరుకు పోయింది, తిరగడం మాత్రం మిగిలింది. సరుకు లేకుండా తిరిగే మనిషిని చూస్తే సర్కారుకు అనుమానం.

మద్రాసు వైపు పట్టాలు, బొంబాయి వైపు పట్టాలు రాయచూరులో కలిసింది 1871లో. విక్టోరియా సర్కారు నేరస్థ తెగల చట్టం తెచ్చింది కూడా 1871లోనే. మొదట అది ఉత్తరాదిలో నడిచింది. 1911లో కొత్త చట్టంగా మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలోళ్లను ఆ జాబితాలో చేర్చినారు. ఏ తప్పూ చెయ్యకపోయినా సరే, పుట్టుకే నేరం. రిజిస్టర్లో పేరు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. కొన్ని కుటుంబాలను తీసుకుపోయి సెటిల్మెంట్లలో పెట్టినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిందే. ఊరి పేరు మద్రాసు సర్కారులో పనిచేసిన హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారిది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అదీ 1865లో లండన్‌లో పుట్టిందే.

మన జిల్లాలో గండి కాడ చెప్పుకునే దొర కథ మీరు వినే ఉంటారు. థామస్ మన్రోకు పాపాఘ్ని గండిలో బంగారు తోరణం కనపడిందంట. అది చావు దగ్గరపడినోళ్లకే కనపడతాదని నమ్మకం. ఆయన 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. ఆ దొర మంచోడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పుకోనీ. కానీ పోలీసుల ముందు హాజరు చెప్పీ చెప్పీ పోయిన మన తాతల గురించి ఏ గండి కాడా ఎవరూ కథ చెప్పరు. వాళ్ల పేర్లు ఉండేది పాత రిజిస్టర్లలో మాత్రమే.

చట్టం మద్రాసులో 1947లోనూ, దేశమంతా 1952 ఆగస్టు 31నా రద్దయింది. చచ్చిపోయిందనే అనుకోవాల. కానీ చచ్చినాక కూడా తిరిగేదాన్నే గదా దయ్యం అనేది! దాని జాగాలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినాయి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే 1962లో ఒకటి వచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, ఈ తెగల వాళ్లను పుట్టు నేరస్థుల్లా చూడటం తప్పని, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని చెప్పాల్సి వచ్చింది. రద్దయిన 72 ఏళ్లకు!

మేము హాస్టల్లో ఉన్నప్పుడు ఒకరి ఫోను పోయింది. ఎవరూ మా పేరు చెప్పలేదు. అయినా మొదట తెరిపించింది మా ముగ్గురి ట్రంకు పెట్టెలే. బట్టలు, నోటు పుస్తకాలు, అమ్మ పెట్టిచ్చిన కారం డబ్బా అన్నీ కింద పరిచినారు. సాయంత్రానికి ఆ ఫోను పోగొట్టుకున్న అబ్బాయి పరుపు కిందే దొరికింది. మాకెవరూ సారీ చెప్పలేదు. ఆ రాత్రి మాలో ఒకడు అన్నాడు, "ఆ దయ్యం వచ్చిపోయిందిరా."

అందుకే మీకు చెప్తాండాం. ఆ సిగ్నల్ మనిషి బాధ ఏందంటే, ఆకారం కనపడతాంది కానీ దాని అర్థం తెలీదు, ఎవరికి చెప్పాలో తెలీదు. మనకు తెలుసు. మన పెట్టె మొదట తెరిపించినప్పుడు, మన ఇంటి పేరు విని ఎవరన్నా పర్సు తడుముకున్నప్పుడు అది మన తప్పు కాదు, 1871లో పుట్టిన దయ్యం. దానికి పేరుంది, తేదీ ఉంది, రద్దయిన తేదీ కూడా ఉంది. ఆ తేదీలు నోటికి నేర్చుకోండి. ఎవరన్నా మీ పెట్టె తెరవమంటే, అందరివీ తెరిపించమని అడగండి. ఒక్కరే అడగొద్దు, ముగ్గురు నలుగురు కలిసి అడగండి.

ఇంకొకటి. ఇంగ్లీషు దయ్యం కథలు చదవండి, బాగుంటాయి, భాషా వస్తాది. చదివినాక పుస్తకం మూసి, మీ జేజి పక్కన కూర్చుని ఉప్పు మోసిన కాలం గురించి అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె మాటల్లోనే రాసి పెట్టండి. మా జేజి చెప్పింది మేము ఇప్పటికి నలభై పేజీలు రాసినాం. ఇంకా ఉప్పు కాడనే ఉండాది ఆమె, పెళ్లి దాకా రాలేదు.