బేరమాడని చోట

మన ఆడవాళ్ళ బేరాల మీద వచ్చినన్ని జోకులు ఇంకే విషయం మీదా వచ్చి ఉండవు. చీరల కొట్లో సగానికి సగం అడుగుతామనీ, కూరలు కొన్నాక కరివేపాకు కొసరు వెయ్యందే కదలమనీ మగవాళ్ళు ఒకటే నవ్వు. నవ్వనివ్వండి. ఆ నవ్వే పెద్దమనుషులే కారు ఇన్సూరెన్సు నోటీసు రాగానే మారుమాట లేకుండా డబ్బు కట్టేస్తారు!

మా ఇంటి సంగతే చెప్తాను. మా చిన్న కారుకి కిందటేడు కట్టింది రూ. 10,300. ఈ ఏడు రూ. 11,840 కట్టమని కాయితం వచ్చింది. కారు ఓ ఏడు ముసలిదైంది. ఐదేళ్ళుగా ఒక్క క్లెయిమూ చెయ్యలేదు. మరి పెరగడమేమిటండీ? "పోనిద్దూ, తెలిసినవాడు. మారితే ఏం బావుంటుంది?" అన్నారు మావారు. ఏజెంటు ఆయనతో కలిసి చదువుకున్నాడు లెండి. మొహమాటానికి ఏడాదికి పదిహేను వందలా!

అంచేత ఆ కాయితం ముందేసుకుని కూర్చున్నాను. బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదివినదాన్ని, లెక్కలకి ఆమడ దూరం. అయినా ఓపిగ్గా చదివితే అర్థంకానిదేమీ లేదు. ప్రీమియంలో రెండు ముక్కలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మన కారువల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. దీని ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో, మా కారులా 1000కీ 1500 సి.సి.కీ మధ్య ఉన్నవాటికి రూ. 3,416. ఎవరి గుమ్మం తొక్కినా అంతే.

రెండోది మన కారుకే జరిగే నష్టానికి. బేరమంతా ఇక్కడే ఉంది. 1973లో ఈ వ్యాపారం జాతీయమయ్యాక మిగిలినవి నాలుగు ప్రభుత్వ కంపెనీలు, ధర అన్నిచోట్లా ఒక్కటే. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలొచ్చాయి. 2007 జనవరి నుంచి ఈ రెండో ముక్కకి ఎవరి ధర వారిదే. అయినా మావారికి ఆ పాతకాలపు అలవాటు పోలేదు.

ఇంకో సంగతి. క్లెయిము చెయ్యని ఏళ్ళకి నో క్లెయిమ్ బోనస్ అని ఈ రెండో ముక్కలో తగ్గిస్తారు. మొదటి ఏడాదికి 20 శాతం, ఐదేళ్ళకి 50 శాతం. ఇది కారుదీ కాదు, కంపెనీదీ కాదు, యజమానిది. కంపెనీ మారినా, పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలంలా మనదే. గడువు దాటాక 90 రోజులు ఊరుకుంటే మాత్రం చేజారిపోతుంది.

నాలుగు చోట్లకి ఫోన్లు చేశాను. ఒకరు రూ. 8,100కే ఇస్తామన్నారు. పొంగిపోతూ మా బోరబండలో కారు బాగుచేసే అబ్బాయికి చెప్తే, "గంత అగ్గువకు ఇస్తుండ్రంటే అండ్ల ఏం తీసేసిండ్రో చూడు అక్కా" అన్నాడు. చూద్దును కదా, మూడున్నర లక్షలుండాల్సిన కారు విలువని రెండు లక్షల అరవై వేలుగా రాశారు! రేపు దొంగలెత్తుకుపోతే చేతికొచ్చేది అంతే. పైగా ఇంజన్ రక్షణ ఎత్తేశారు.

ఆ ఇంజన్ రక్షణ అనే మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. 2020 అక్టోబరు వరదల్లో టోలీచౌకీలోని మా స్నేహితురాలి కారు మునిగింది. నీళ్ళు తీశాక కారు కదులుతుందేమోనని తాళం తిప్పారు. లోపలికి నీళ్ళు పోయి ఇంజన్ బిగుసుకుపోయింది. సీట్లకీ, తలుపులకీ డబ్బొచ్చింది గాని, ఇంజన్‌కి ఒక్క పైసా రాలేదు. ఆ రక్షణ తీసుకోకపోవడం వల్ల అప్పట్లో మిగిలింది కొద్ది వందలు. ఇంజన్ కోసం ఆవిడ గాజులు తాకట్టుకెళ్ళాయి.

అందుకని అదే విలువ, అవే రక్షణలు పెట్టి అందర్నీ మళ్ళీ అడిగాను. ఒకచోట రూ. 10,100కి వచ్చింది. ఆ మాటే మా ఏజెంటుగారి చెవిన వేశాను. అరగంటలో రూ. 9,900కి దిగివచ్చారు. "అడిగితే ఇవ్వనా చెల్లెమ్మా!" అన్నారాయన నవ్వుతూ. మరి అడగనివాళ్ళ మాటేమిటని నేనూ నవ్వుతూనే అడిగాను. జవాబు రాలేదు.

గడువుకి నెలరోజుల ముందే కాయితం బయటికి తియ్యండి. మగవాళ్ళ బీరువాలో ఉంటే అడిగి మరీ తియ్యండి. మనకిది కొత్త విద్యేం కాదు. వంకాయలు కొనేటప్పుడు పుచ్చులు ఏరేసి, తూకం చూసుకుని, ఆ తరవాతే కదా ధర తెగ్గొడతాం!