ఉసూరుమనిపించని ఉసూరు

బైలదిల్లా కొండలకు నైరుతి దిక్కున, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉసూరు అనే ఊరున్నది. బీజాపూర్ జిల్లాలోని ఒక బ్లాకు ఆ ఊరి పేరుతోనే చెలామణి అగుచున్నది. కాగితముల మీద ఉసూర్ అని వ్రాస్తారు; అక్కడి తెలుగువారి నోట అది ఉసూరే. సంక్రాంతి సెలవులకు అక్కడికి వెళ్లుచున్నామని చెప్పగా మా విభాగములోని మిత్రులు, "పేరులోనే ఉసూరుమనడం ఉన్నది గదా, ఇంకెక్కడికీ దారి దొరకలేదా?" అని పరిహాసమాడారు. ఆ పరిహాసములో కొంత భయము కూడ కలిసియున్నది. 2005 తరువాత చాలకాలము ఆ వైపు దారులు తెగి, ఊళ్లు ఖాళీ అయి, వారపు సంతలు సైతము మూతపడిన సంగతి ఈ ప్రాంతములో ఉద్యోగము చేసినవారెవరూ మరువలేరు. 2025 వేసవిలో వార్తలలో నిత్యమూ వినిపించిన కర్రెగుట్టలు ఉసూరుకు దక్షిణపు దిక్కుననే ఉన్నవి. అయినను పిలిచినవాడు ఆత్మీయుడు. మేము, అనగా మా దంపతులము, బయలుదేరాము.

బచేలీ నుండి దంతెవాడ మీదుగా గీదం చేరి, అక్కడ 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకొనవలెను. పాతవారికి ఇది 16వ నంబరుగా గుర్తుండును. జగదల్‌పుర్‌ నుండి భోపాలపట్నం, సిరొంచ, చెన్నూరు, మంచిర్యాల దాటి నిజామాబాదు చేరే రోడ్డు ఇదే. భైరంగఢ్ దాటి బీజాపూర్ వరకు ప్రయాణము సాఫీగా సాగినది. బీజాపూర్‌లో రోడ్డు విడిచి దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్లు పోవలెను. నడుమ ఆవాపల్లి వద్ద దారి చీలును. ఒకటి తాలిపేరు ఒడ్డున ఉన్న బాసగూడ వైపు పోగా రెండవది ఉసూరుకు పోవును. ఈ తాలిపేరే దిగువన చెర్ల దగ్గర ప్రాజెక్టుగా మారి, ఆపై గోదావరిలో కలియుచున్నది. దారి పొడుగునా వరి కోసిన మళ్లు, ఇప్పచెట్లు, చింతలు, అక్కడక్కడ జీలుగు చెట్లకు కట్టిన కుండలు కనిపించినవి. జీలుగునే మన బస్తరులో సల్ఫీ అంటారు. జనవరి ఉదయములలో మంచు పది గంటల దాకా విడువదు.

ఉసూరులో మాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది భాష. కార్యాలయములో హిందీ, సంతలో హల్బీ, ఇంట దోర్లా, పొలము గట్టు మీద తెలుగు! దోర్లాలు మన కోయలకు దగ్గరివారు. వారి మాట కోయమాటకు చుట్టము. తెలుగు మాత్రము వారికి పొరుగు భాష కాదు, పెండ్లి సంబంధముల భాష, సంత బేరముల భాష. చెర్ల, వెంకటాపురం వైపు బంధుత్వములున్నవి. రెండేండ్లకొకసారి మేడారము జాతరకు పోయివచ్చువారున్నారు. రోగము ముదిరినప్పుడు భద్రాచలము, వరంగల్లు ఆసుపత్రుల పేర్లు వినిపించును. 1948కి పూర్వము బస్తరు ఒక సంస్థానము, ఆపై మధ్యప్రదేశ్‌లో జిల్లా, 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్‌లో భాగము. పటము మీద ఎన్ని గీతలు మారినను ఉసూరువాని నోట "ఏం సారూ, బాగున్నరా?" అనే పలకరింపు మారలేదు.

మమ్ము పిలిచినవాడు మా గనిలో ఎన్నో ఏండ్లు ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మిత్రుని తమ్ముడు. అతని భార్య మితానిన్. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన ఈ పథకము ప్రకారము ఊరి స్త్రీలే తమ గూడెమునకు ఆరోగ్య కార్యకర్తలు. మితానిన్ అనగా నెచ్చెలి. ఆమె పరిధిలోని కొన్ని గుంపులు రోడ్డుకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపల ఉన్నవి. 108 వాహనము రోడ్డు దాకా వచ్చును; గుంపు నుండి రోడ్డు దాకా మంచము మోయుటయో, మోటారుసైకిలు ఎక్కించుటయో తప్పదు. ఆ మోటారుసైకిలు ఈ ఇంటిదే. నూరు సి.సి. నాలుగు స్ట్రోకుల పాత బండి. అన్నగారు కొండ మీద ఆకాశనగరులో ఏండ్ల తరబడి నడిపి, గత వేసవిలో తమ్మునికి ఇచ్చివేశారు.

భోజనాల వేళ ఆమె మా శ్రీమతితో మెల్లగా చెప్పినది. "అక్కా, మొన్న కార్తీకంల నొప్పులొచ్చిన పిల్లను ఎక్కించుకొని పోతాంటే వాగు కాడ మూడుసార్లు ఆగింది. చీకటి. నెట్టుకుంటనే పోయినం. తల్లీ పిల్లా దక్కిండ్రు గని, ఇంకొక పిల్లకు ఈ వారం పది రోజులల్ల నెలలు నిండుతయి." భర్త తల వంచుకొని, "చోకు సగం గుంజి పెడితె నడుస్తది సారూ, చోకు తీస్తె ఆగుతది. బీజాపూర్ల మేస్త్రీకి చూపెడదామంటె ఒక దినం పాడైతది, ఆ దినమే ఎవరికన్న అవసరం పడుతదేమో" అన్నాడు. మేము అన్నము ముద్ద చేతిలో ఉంచుకొనియే సంతోషించాము. మెకానిక్కు దగ్గర గంటసేపు కూర్చున్నా తెలియని విషయము ఆ ఒక్క మాటలో ఉన్నది. చోకు అనగా గాలిని తగ్గించి మిశ్రమమును చిక్కపరచు తలుపు. అది మూస్తే నడిచి తీస్తే ఆగుచున్నదనగా, బండికి పెట్రోలు చాలుట లేదు, మిశ్రమము పలుచబడినది.

గృహిణులు, విద్యార్థులు కూడ ఈ పత్రిక చదువుదురు గనుక కార్బురేటరు సంగతి కొంచెము చెప్పెదము. వాయువు వేగము పెరిగినచోట దాని పీడనము తగ్గునని 1738లో బెర్నూలీ ప్రకటించిన గ్రంథము నుండి తెలిసికొన్నాము. కార్బురేటరు గొంతు ఇరుకు. ఇంజను పీల్చిన గాలి అక్కడ వడిగా పోవును. పీడనము తగ్గును. క్రింది గిన్నెలోని పెట్రోలు సన్నని జెట్టు ద్వారా పైకి లాగబడి గాలిలో తుంపరగా కలియును. పెట్రోలు పూర్తిగా మండుటకు 1 కిలోకు 14.7 కిలోల గాలి కావలెను. యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పినప్పుడు మెయిన్ జెట్టు, మధ్యలో సూది, అసలు త్రిప్పనప్పుడు పైలట్ జెట్టు పెత్తనము చేయును. వాగు దగ్గర వేగము తగ్గించి, క్లచ్చి నొక్కి, రాళ్ల మధ్య దారి వెదుకుకొను వేళ పైలట్ జెట్టు మీదనే ప్రాణము నిలిచియుండును. బండి ఆగినది సరిగా అక్కడనే.

మరి మిశ్రమము ఎందుకు పలుచబడినది? కొండ మీద సుమారు 1200 మీటర్ల ఎత్తున గాలి పలుచన. అక్కడ మిశ్రమము తనంతట తానే చిక్కబడును. కనుక అన్నగారు గాలి మరను బాగా వదులు చేయించి ఉంచినారు, అది అక్కడికి సరియైన పనియే. అదే బండి సుమారు 1000 మీటర్లు క్రిందికి దిగినది. గాలి సాంద్రత నూటికి పది వంతులు పెరిగితే మిశ్రమము సుమారు ఐదు వంతులు పలుచనగును. మే నెలలోని 40 డిగ్రీల గాలి కంటె జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల గాలి మరొక పది వంతులు బరువు. అందుచేతనే వేసవిలో వచ్చిన బండి చలికాలము దాకా తన రోగమును దాచుకొన్నది. దీనికి తోడు ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఈథనాల్ కలుపుచున్నారు. ఈథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉన్నది గనుక ఆ పెట్రోలుకు 13.5 కిలోల గాలి చాలును. అనగా అదే గాలికి దాదాపు తొమ్మిది వంతులు ఎక్కువ ఇంధనము పోయవలెను. ఇంజెక్షను పద్ధతి బండ్లలో ఈ సవరణలు కంప్యూటరు చూచుకొనును. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజి 6 నిబంధన వచ్చినది మొదలు కొత్త బండ్లు దాదాపుగా అన్నియు ఆ రకమువే. పాత బండికి మాత్రము స్క్రూడ్రైవరు పట్టిన చేయియే కంప్యూటరు.

మరునాడు ఎండ పొడసూపగానే వాకిట్లో గోనెపట్టా పరచి కూర్చున్నాము. కార్బురేటరు మరలు ముట్టుటకు ముందు తక్కిన దోషములు లేవని నిశ్చయించుకొనవలెను. ఈ క్రమము పాటించనందుననే చాలమంది ఇండ్లలో బండ్లు మరింత పాడగుచుండును. గాలి వడపోత విప్పి దులిపించాము. స్పార్కు ప్లగ్గు తీయగా మొన సున్నము వేసినట్లు తెల్లగా ఉన్నది. ఇటుకరంగు ఆరోగ్యము, మసి చిక్కదనము, తెలుపు పలుచదనము! అనుమానమునకు సాక్ష్యము దొరికినది. ప్లగ్గు సందు 0.7 మిల్లీమీటరుకు సరిచేశాము. తరువాత పెట్రోలు కుళాయి కట్టి, గిన్నె అడుగు మర వదులు చేసి, గాజు గ్లాసులో పట్టాము. కొంతసేపటికి అడుగున వేరొక పొర తేరినది. ఆ దిక్కున పెట్రోలు సీసాలలో కొని పోసికొనుట అలవాటు. మంచు కాలములో సీసాలోనికి, ట్యాంకులోనికి తేమ చేరును. ఈథనాల్ ఆ నీటిని తనలో దాచుకొని, మోయలేనంత అయినప్పుడు నీటితో సహా అడుగునకు దిగిపోవును. ట్యాంకు కూడ ఖాళీ చేయించి, పంచెగుడ్డ వేసి వడగట్టి, అడుగుది పారబోయించాము.

గిన్నె విప్పగా పైలట్ జెట్టులో పచ్చని జిగట. దాని రంధ్రము అర మిల్లీమీటరు కంటె సన్నము. ఇంటివాడు చటుక్కున ఇనుప తీగ తెచ్చినాడు. వద్దని వారించాము, ఇత్తడి మెత్తనిది, తీగ గీరినచో రంధ్రము పెద్దదై జెట్టు అక్కరకు రాదు. "మరి దేనితోని తీస్తం సారూ?" అనగా వాకిట ఆరవేసిన చేపల వల కనిపించినది. దానిలోని సన్నని నైలాను దారము ముక్క పెట్రోలులో తడిపి ఆడించి, సైకిలు పంపుతో గాలి కొట్టగా వెలుతురు చుక్క కనిపించినది. ఆ చుక్కను ఇంటిల్లపాది వంతుల వారీగా ఎండకెత్తి చూచినారు.

ఇక అసలు పని. గాలి మరను లోపలికి త్రిప్పుచు లెక్కించగా రెండుముప్పావు చుట్లకు అది మెత్తగా ఆనుకొన్నది. బిగించరాదు, మొన విరుగును. ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి, బండిని పది నిమిషములు తిప్పి వేడెక్కించి రమ్మన్నాము. ఈ బండిలోనిది గాలి మర గనుక లోపలికి త్రిప్పిన చిక్కన, బయటకు త్రిప్పిన పలుచన. కొన్ని బండ్లలో ఇంజను వైపున పెట్రోలు మర ఉండును, అక్కడ అంతా తలక్రిందులు. ఐడ్లింగ్ మరతో వేగము కొంచెము పెంచి, గాలి మరను పావు చుట్టు చొప్పున ఇటునటు త్రిప్పుచు చెవి ఒగ్గి విన్నాము. ఇటువంటి బండ్లకు నిమిషమునకు 1400 చుట్లు ఉచితము. అనగా సెకనుకు పదకొండో పన్నెండో ప్రేలుళ్లు. మనుష్యుని చెవి అంత వేగమును లెక్కించలేదు గాని, పెరిగినదో తగ్గినదో తప్పక చెప్పగలదు. శబ్దము హెచ్చైన చోట మర నిలిపి, ఐడ్లింగ్ తగ్గించి, మరల అదే ఆట. మూడవమారు ఒకటింబావు దగ్గర బండి గొంతు సవరించుకొన్నట్లై నిలకడగా పలికినది. చోకు తీసి ఉన్నది. యాక్సిలరేటరు చటుక్కున త్రిప్పి విడిచినను తడబడలేదు.

అప్పటి దాకా గడప మీద కూర్చుండి చింతపండు గింజ తీయుచున్న మితానిన్ లేచి వచ్చి, "నన్ను ఎక్కించుకొని వాగు దాక పోయి రాండ్రి" అని భర్తను అడిగినది. మందుల సంచితో సహా వెనుక ఎక్కినది. వెళ్లిన దారినే చూచుచు మేము కూర్చున్నాము. అరగంటకు వారు మరలి వచ్చినారు. వాగు మధ్యన కావాలనే బండిని నిలిపి, కదలకుండ ఇంజను ఆడుచుండగా నూరు అంకెలు లెక్కపెట్టినదట!

ఊరికి దగ్గరలో నంబి జలపాతమున్నది. మధ్యాహ్నము అక్కడికి కాలినడకన పోయి వచ్చాము. చలికాలమగుటచే ధార సన్నబడినది గాని బండరాతి ఎత్తు చూచుటకే అంత దూరము పోదగును. వర్షములు తగ్గిన వెంటనే వెళ్లినవారు మా కంటె అదృష్టవంతులు.

బయలుదేరు ఉదయము చలి గట్టిగా ఉన్నది. మేము లేచునప్పటికే మోటారుసైకిలు వాకిట లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు గుంపు నుండి మనిషి వచ్చి పిలిచినాడనియు, భార్యాభర్తలిద్దరును వెళ్లినారనియు పెద్దమ్మ చెప్పినది. ఎనిమిది గంటలకు అతడొక్కడే తిరిగి వచ్చినాడు. ఆ అమ్మాయిని రోడ్డు మీద వాహనమెక్కించి, భార్య తోడుగా ఆవాపల్లికి వెళ్లినదట. మేము అడుగకమునుపే, "ఒక్కసారన్న ఆగలే సారూ" అన్నాడు. ప్రక్క మూత విప్పి, లోపలి వైపున మేకుతో గీసిన అక్షరములు చూపినాడు. గాలి మర ఒకటింబావు, చలికాలము అని తెలుగులో ఉన్నది. దాని క్రింద ఎండకాలమునకు కొంత జాగా విడిచిపెట్టినాడు.