వానలో టిక్‌నాక్, ఆకలితో గ్లెన్‌కల్లెన్

డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది శనివారం పొద్దున కిటికీలోంచి ఆకాశం చూసి, తుంపర కనబడగానే మళ్ళీ దుప్పటి లాక్కుంటారు. ఎండ వచ్చాక వెళ్దామనుకుంటే ఈ దేశంలో కొండెక్కేదెప్పుడు? నాకు మౌంటెన్ బైక్ అలవాటు చేసిన గుంటూరు అన్న వానకి ఆగే మనిషి కాడు. ఆ శనివారమూ ఆగలేదు.

టిక్‌నాక్ ఊరికి దక్షిణాన, ఎం50 రహదారి దాటగానే ఉంటుంది. అడవి ప్రభుత్వ సంస్థ క్వీల్చాది. టికెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. నిటారుగా నిలబడ్డ ఈ సిట్కా స్ప్రూస్ చెట్లు అమెరికా పసిఫిక్ తీరం నుంచి వచ్చిన జాతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐర్లండ్‌లో అడవి దాదాపు 1 శాతమే మిగిలింది. ఇప్పుడున్న 11 శాతంలో ఎక్కువ భాగం కలప కోసం నాటిందే. డబ్లిన్ కొండల్లోని తొమ్మిది అడవుల్ని మాత్రం నరుకుడు లెక్కలోంచి తప్పించి, జనం కోసం, పక్షుల కోసం మెల్లగా మారుస్తున్నారు. అందులో ఇదొకటి. ఊరి పక్కనున్న కొండని ఊరివాళ్ళకే వదిలేయాలన్న ఆలోచన నాకెంతో నచ్చింది.

ఎక్కుడు గురించి చెప్పడానికేం లేదు, ఊపిరి అంతా కాళ్ళకే పోతుంది. 444 మీటర్ల ఎత్తున త్రీ రాక్ దగ్గర ఆగాం. గుట్టలుగా పేరుకున్న గ్రానైట్ రాళ్ళు చూడగానే హైదరాబాద్ గుర్తొచ్చింది. మన రాయి వయసు రమారమి 250 కోట్ల ఏళ్ళు, ఇక్కడిది 40 కోట్లు. మబ్బు కాస్త విడిచేసరికి కింద సముద్రం, హౌత్ కొండ, పూల్‌బెగ్‌లో 207 మీటర్ల ఎత్తు చిమ్నీలు రెండూ బయటపడ్డాయి.

అసలు సంగతి దిగుడులో ఉంది. ఈ బాటని వాన పడుతుందని ముందే తెలిసి వేశారు. రాతి పొడి పరిచి గట్టిగా దిమ్మిస చేశారు, నీళ్ళు పక్కకి జారిపోయేలా వాలు పెట్టారు, మెత్తటి చోట్ల బండలు పాతారు. తడిసిన గ్రానైట్ గరుకుగా ఉండి టైరుని పట్టుకుంటుంది. జారేవి స్ప్రూస్ వేళ్ళు. సీటు దించి, రెండు పెడళ్ళూ సమంగా పెట్టి నిలబడ్డాను.

“వేరు మీద బ్రేకు నొక్కకు తమ్ముడూ, దానికి ముందే నొక్కు! చూపు దూరంగా!” అన్న వెనకనుంచి అరుస్తున్నాడు.

నల్లగా మెరుస్తున్న వేరొకటి బాటకి అడ్డంగా వచ్చింది. బ్రేకు వదిలేశాను. ముందు చక్రం దాన్ని తిన్నగా దాటింది, వెనకది రవ్వంత పక్కకి జరిగి మళ్ళీ రాయిని అందుకుంది. ఆ క్షణం కోసమే ఇంత దూరం వస్తాం.

తడిబట్టలు మార్చుకుని, కారు వెనక సైకిళ్ళు కట్టుకుని గ్లెన్‌కల్లెన్ వెళ్ళాం. అక్కడి జానీ ఫాక్సెస్ పబ్బు 1798 నాటిదట, ఐరిష్ తిరుగుబాటు జరిగిన ఏడాది. లోపల పొయ్యి వెలుగుతుంటుంది. నేను సీఫుడ్ చౌడర్ చెప్పాను: చేప ముక్కలు, బంగాళాదుంప, మీగడ. కారం ఉండదు, మిరియాల పొడి చల్లుకుంటే సరి. శనివారం అన్న నీచు ముట్టడు. కూరగాయల సూప్ అడిగాడు, అందులో చికెన్ స్టాక్ పోశారేమో కనుక్కున్నాకే. శాకాహారులు ఈ దేశంలో ఎక్కడైనా ఆ మాట అడగాల్సిందే.

ఇద్దరికీ పనికొచ్చింది బ్రౌన్ బ్రెడ్. ఐర్లండ్ గోధుమ మెత్తటిది, ఈస్టుతో పొంగే బ్రెడ్డుకి అంతగా కుదరదు. అందుకే పంతొమ్మిదో శతాబ్దంలో వంటసోడా రాగానే ఇళ్ళల్లో పిండిలో సోడా వేసి, మజ్జిగ పోసి, పిసక్కుండానే కాల్చడం మొదలుపెట్టారు. పైన కరకరలాడుతుంది, లోపల చిన్న పులుపు. ఉప్పటి వెన్న మందంగా రాసుకుని తినాలి. కొండ దిగిన ఆకలికి ఇంతకన్నా మంచి తిండి నాకు తెలియదు. వారాంతాల్లో మాత్రం టేబులు ముందే చెప్పుకోవాలి.

సూప్ సగంలోనే అన్న తర్వాతి ప్రయాణం సంగతి మొదలుపెట్టాడు. విక్లోలో బాలినస్టో తిరిగి రౌండ్‌వుడ్‌లో భోంచేద్దామని నేను. లిమరిక్ వైపు బాలిహౌరాలో 90 కిలోమీటర్లకు పైగా బాటలున్నాయి, అక్కడికే పోవాలని ఆయన.