పొట్లం చదువు

ఆతిథ్యంలో మనకి సాటి లేదు. తినే మనిషి వద్దన్నకొద్దీ వడ్డించడం మన మర్యాద. "ఒక్కటేగా, ఏమవుతుంది?" అంటూ విస్తట్లో పడెయ్యడం మన ప్రేమ. ఆ ఒక్కటే ఏం చేస్తుందో మా మేనకోడలికి తెలుసు.

దానికి తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళ కిందటి దాకా ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. దిష్టి తీశారు, నులిపురుగుల మందు పోశారు. చివరికి రక్తం, పేగుముక్క పరీక్ష చేసి సీలియాక్ జబ్బన్నారు. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ కడుపులో పడితే, ఒళ్ళు తన చిన్నపేగు లోపలి పొరను తానే పాడు చేసుకుంటుందట. జన్మంతా వాటిని మానెయ్యడమే వైద్యం.

"ఓస్, ఇంతేనా! మనం అన్నం తినేవాళ్ళమేగా" అన్నారు మా అత్తగారు. నిజమే. ఇడ్లీ, పెసరట్టు, పులిహోర ఉన్న ఇంట్లో అది మహారాణి. గడప దాటితేనే గొడవంతా. రైలు ప్రయాణం, స్కూలు ఇంటర్వెల్లు, స్నేహితురాలి పుట్టినరోజు!

బిస్కెట్టు, కాజా, సమోసా సంగతి సరే. అవి దొంగలని ముఖం చూడగానే తెలుస్తుంది. భయమల్లా పెద్దమనుషుల్లా కనిపించేవాటితోనే. జంతికలు బియ్యప్పిండేగా అంటారా? అందులో ఇంగువ ఉంటుంది. డబ్బా ఇంగువలో జిగురూ, పిండీ కలుపుతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమపిండే! కార్న్‌ఫ్లేక్సు మొక్కజొన్నే గానీ, రుచికి బార్లీ మాల్టు వేస్తారు చాలామంది. మిఠాయికొట్టు సకినాలు కడిగిన ముత్యాలే, కానీ ఆ మూకుట్లో అంతకుముందు ఏం వేగిందో! పిండిమరలో మన బియ్యానికి ముందు ఎవరి గోధుమలు ఆడించారో!

అందుకే నాకు పొట్లం చదువు పట్టుబడింది. బి.ఏ.లో కావ్యాలు కూడా ఇంత శ్రద్ధగా చదవలేదు. మొదట పదార్థాల జాబితా, తర్వాత దాని కింద ఉండే "ఇందులో గోధుమ ఉంది" అనే హెచ్చరిక. "గోధుమ లేదు" అన్నంత మాత్రాన పొంగిపోకూడదు, బార్లీ ఉండొచ్చు. "గ్లూటెన్ ఫ్రీ" అని వేసుకోవాలంటే మాత్రం మన దేశపు నిబంధన ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చిటికెడు కూడా కాదు. ఆ ముద్ర ఉన్న పొట్లానికి ధర చూస్తే మావారికి కళ్ళు తిరుగుతాయి, అది వేరే సంగతి.

ఇదంతా నాకు వేడుకే. పిల్లకి కాదు. మొన్న కొట్లో రంగురంగుల పొట్లం ఆశగా తీసి, వెనక్కి తిప్పి, వేలు పెట్టి కూడబలుక్కుని, "మాల్టు ఉందత్తయ్యా" అని తనే మళ్ళీ అరలో పెట్టేసింది. మారాం చెయ్యలేదు. చేసినా బాగుండేదనిపించింది నాకు.

కాబట్టి అమ్మలారా, మీ ఇంటికొచ్చిన పిల్ల కేకు ముక్క వద్దంటే బలవంతపెట్టకండి. "మా చేతిది తినవా?" అని నిష్ఠూరమాడకండి. ఓ అరటిపండు చేతిలో పెట్టండి. దేవుడు కట్టిన పొట్లం అది. వెనక్కి తిప్పి చదవాల్సిన పని లేదు.