వరస ముందు చుక్క

మా నాయనకు ఆళ్లగడ్డలో చిన్న కిరాణా అంగడి ఉండేది. లెక్కలన్నీ ఒకటే పొడుగాటి పుస్తకంలో రాసేవాడు. అరువు తీసుకున్నవాళ్లు, తిరిగి కట్టినవాళ్లు, నంద్యాల నుంచి తెచ్చిన సరుకు, అన్నీ ఒకదాని కింద ఒకటి. ప్రతి వరస ముందూ చుక్కో, సున్నానో, అడ్డగీతో ఉండేది. అదేమిటని నేనెన్నడూ అడగలేదు.

నంద్యాలలో డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాను. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయం పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగం దొరికింది. పాత డేటా ఫైళ్లు తెరిచి చూడటం నా పని.

ఫైల్లో వరసలన్నీ ఒకే రకమైతే ఇబ్బంది లేదు. మాకొచ్చేవి అట్లాంటివి కావు. మొదటి అక్షరం హెచ్ అయితే అందులో తేదీ, డి అయితే ఖాతా నంబరు, పేరు, డబ్బు. టి అయితే మొత్తం ఎన్ని వరసలు, ఎంత సొమ్ము అన్న లెక్క. ఏ స్థానంలో ఏముందో ఫైలు తనంతట తాను చెప్పదు. ఆ కొలతలు కాపీబుక్ అని విడిగా ఉంటాయి. డబ్బు ప్యాక్డ్ డెసిమల్‌లో ఉంటే 12345 అనే అంకె మూడే బైట్లలో 12, 34, 5సి అని సర్దుకుంటుంది. చివరి సి అంటే ప్లస్సు, డి అంటే మైనస్సు. పేరు ఉండాల్సిన కొలతతో దాన్ని చూస్తే పిచ్చిగీతలే. డబ్బు ఉండాల్సిన చోట ఖాళీలు తగిలితే, లెక్క వేయబోయిన ప్రోగ్రాం ఎస్ జీరో సీ సెవెన్ అని ఆగిపోతుంది.

ఆగిపోతే మంచిదే. ఆగకపోతేనే భయం. 19990412 అన్న తేదీని డబ్బు కొలతతో చదివితే 1,99,90,412 రూపాయలని చక్కగా కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లకు నాయన పోయాడు. బాకీలు వసూలు చేద్దామని ఆ పుస్తకం తెరిచాను. పేరు, మొత్తం చూసుకుంటూ పోయాను. ఒక రైతు పేరు ఎదురుగా 4,200 ఉంది. ఆయన నంద్యాలలో కొడుకు దగ్గర ఉన్నాడని తెలిసి బస్సెక్కాను. పెద్దాయన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. లెక్క చెప్తే కాసేపు నా మొహం చూసి, లోపలికి పోయి డబ్బు తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక్క మాట అనలేదు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ పుస్తకం తెమ్మంది. చూసి తల పట్టుకుంది.

"చుక్క పెట్టినాడంటే మనం ఇయ్యాల్సింది రా. సున్నా పెడితేనే మనకు రావాల్సింది. ఆయప్ప వడ్లమ్మిన దుడ్డు మీ నాయన కాడ దాచుకున్యాడు."

మర్నాడు మొదటి బస్సుకే 8,400 పట్టుకుని పోయాను. "నిన్ననే చెప్పొచ్చు గదా పెద్దాయనా" అన్నాను.

"మీ నాయన పోయి నెల కూడా కాలా. ఇంట్లో ఎంత ఇబ్బందో అనుకుంటి. లెక్క యాడికి పోతాది లే అబ్బయ్యా" అన్నాడు.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఫైలు తెరవగానే మొదటి అక్షరాలు ఎన్ని రకాలున్నాయో, ఏ రకంలో ఎన్ని వరసలున్నాయో ముందు లెక్కపెట్టండి. ఏ అక్షరానికి ఏ కాపీబుక్కో చూసే టూల్‌కు షరతు పెట్టి చెప్పండి. టి వరసలోని మొత్తంతో సరిచూసుకోండి. ఏ కొలతకూ ఒదగని వరసల్ని బలవంతంగా ఒదిగించకండి, పక్కన పెట్టి పాతవాళ్లను అడగండి.

నాయన పుస్తకం మొదటి పేజీలో ఇప్పుడు గుర్తుల అర్థాలు రాసి ఉన్నాయి. అమ్మ చెప్తుంటే నేను రాసినవి. అమ్మకు కూడా తెలియని గుర్తు ఉన్న వరసలు మూడు మిగిలాయి. వాటిని ఏ లెక్కలోనూ కలపలేదు.